బయల్దేరే వేళ దారి మారితే...

*ఏడాది పొడుగునా డబ్బు కూడబెట్టి, పిల్లల సెలవులు చూసుకుని, ఇంటిల్లిపాదీ విదేశానికి బయల్దేరే రోజులొచ్చాయి. ఉత్తరాంధ్రలోని చోడవరం లాంటి ఊళ్లకీ ఇప్పుడది వింత కాదు. అయితే టికెట్టు చేతికొచ్చాక కూడా ప్రయాణం మన చేతిలో ఉండకపోవచ్చు. చివరి నిమిషంలో అంతా తలకిందులైతే కుటుంబాన్ని గట్టెక్కించేదేమిటి?*

2025 సెప్టెంబరు 9. కాఠ్‌మాండూలోని త్రిభువన్ అంతర్జాతీయ విమానాశ్రయం మూతపడింది. సోషల్ మీడియా నిషేధానికి వ్యతిరేకంగా ముందురోజు రోడ్డెక్కిన యువత మీద కాల్పులు జరిగి 19 మంది ప్రాణాలు కోల్పోయారు. తెల్లారేసరికి ఆ కోపం కట్టలు తెంచుకుంది. పార్లమెంటు భవనం, సింహదర్బార్, సుప్రీంకోర్టు మంటల్లో చిక్కుకున్నాయి. ప్రధాని కె.పి. శర్మ ఓలి రాజీనామా చేశారు. సైన్యం వీధుల్లోకి వచ్చింది.

పశుపతినాథుని దర్శించుకుని ముక్తినాథ్ వెళ్దామనుకున్నవాళ్లు, మానససరోవరం చూసుకుని ఇంటిదారి పట్టినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. వాళ్లలో తెలుగువాళ్లు వందల్లో ఉన్నారు. హోటల్ గదుల్లో కూర్చుని, కిటికీలోంచి పొగ చూస్తూ, ఫోన్‌లో ఛార్జింగ్ ఎంతుందో లెక్కపెట్టుకుంటూ గడిపారు. ఇక్కడ ఉత్తరాంధ్ర ఇళ్లలో టీవీల ముందు పిల్లలు అమ్మానాన్నల కోసం, మనవలు తాతా మామ్మల కోసం ఎదురుచూశారు.

జాబితా కట్టాకే విమానం

నేపాల్ అంటే మనవాళ్లకి పరాయి దేశమనే అనిపించదు. వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డు చాలు. కాశీ, గయ, అయోధ్య చూపించి, సునౌలీ దగ్గరో రక్సౌల్ దగ్గరో సరిహద్దు దాటించి, లుంబిని, పోఖరా, కాఠ్‌మాండూ తిప్పుకొచ్చే యాత్రలంటే మన పెద్దవాళ్లకి మక్కువ. 3,700 మీటర్లకు పైన ఉన్న ముక్తినాథ్ నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. అక్కడికి వెళ్లి రావడం జీవితకాలపు కోరిక అయినవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది. పుణ్యయాత్రే కదా అన్న ధీమాతో బయల్దేరతారు. ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారు, ఏ హోటల్లో దిగుతారు అని పిల్లలడిగితే, 'ట్రావెల్స్ అబ్బాయికి తెలుసులే' అనేస్తారు.

సెప్టెంబరు 10న కావలసివచ్చింది ఆ వివరాలే. ఆ రోజు అనంతపురం సభకు వెళ్లాల్సిన రాష్ట్ర మంత్రి నారా లోకేశ్ ఆ కార్యక్రమం మానుకుని సచివాలయంలోని రియల్ టైమ్ గవర్నెన్స్ (ఆర్టీజీఎస్) కేంద్రంలో కూర్చున్నారు. ఢిల్లీలోని ఆంధ్రప్రదేశ్ భవన్, కాఠ్‌మాండూలోని భారత రాయబార కార్యాలయం, జిల్లాల అధికారులు ఒక తాటి మీదకొచ్చారు. ముందు జరిగిన పని జాబితా కట్టడం. ఎవరు, ఎంతమంది, ఏ ఊళ్లో, ఏ హోటల్లో, ఏ నంబరుకి ఫోన్ చేస్తే పలుకుతారు? ఇవి తెలిశాకే మిగతా పని ముందుకు కదిలింది.

కైలాస యాత్ర దారిలో, కొండల మధ్య ఉన్న సిమికోట్‌లో చిక్కుకున్నవాళ్లని చిన్న విమానంలో నేపాల్‌గంజ్‌కి దించి, అక్కణ్నుంచి సరిహద్దు దాటించారు. హెటౌడాలో ఆగినవాళ్లని రోడ్డు మార్గాన బిహార్ వైపు తీసుకొచ్చారు. కాఠ్‌మాండూలో ఉన్నవాళ్ల కోసం 11న ప్రత్యేక విమానం వెళ్లింది. అందులో 140 మందికి పైగా వచ్చారు. ఎక్కువమంది విశాఖలో దిగారు, మిగతావాళ్లని తిరుపతి చేర్చారు.

ఒకే గొడవలో చిక్కుకున్నవాళ్లకి మూడు వేర్వేరు దారులు వెతకాల్సివచ్చింది. ఎవరు ఎక్కడున్నారో తెలియకపోతే వాటిలో ఒక్కటీ తెరుచుకునేది కాదు. ప్రభుత్వం ఎంత చురుగ్గా కదిలినా, మొదటి సమాచారం అందాల్సింది ఇంటి నుంచే. 'మావోళ్లు నేపాల్‌లో ఉన్నారు బాబూ, ఎక్కడో తెలీదు' అని ఇంటివాళ్లు చెబితే కంట్రోల్ రూమ్‌లో ఉన్న మనిషి చేయగలిగేది తక్కువ. హోటల్ పేరు, గది నంబరు, బృందంలో ఎందరున్నారు, ఎవరికి ఏ మందు కావాలి అన్నవి ఒక కాగితం మీద ఉంటే అదే మనిషి వెంటనే పని మొదలుపెట్టగలడు.

పండక్కి రావాల్సినవాళ్లు

నేపాల్‌లో మంటలు చల్లారాయో లేదో, అదే నెలలో ఇంకో దెబ్బ తగిలింది. ఈసారి అమెరికా నుంచి ఇటు వచ్చేవాళ్లకి. సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ హెచ్1బీ వీసాల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటిస్తూ సంతకం చేశారు. అది 21వ తేదీ మొదలవగానే అమల్లోకి వస్తుందన్నారు. దేశం బయట ఉన్న ఉద్యోగులు వెంటనే తిరిగి రావాలని, లోపల ఉన్నవాళ్లు కదలొద్దని పెద్ద పెద్ద కంపెనీలు సందేశాలు పంపాయి. శరన్నవరాత్రులు 22న మొదలు. దసరాకి ఇంటికొచ్చే సందడి అప్పుడే. శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం ఎక్కి కూర్చున్న భారతీయులు దిగిపోతున్న వీడియోలు ప్రపంచమంతా చూసింది. మర్నాటికి వివరణ వచ్చింది. రుసుము కొత్త దరఖాస్తులకేనని, ఉన్న వీసాలకి కాదని. అప్పటికే ఎందరో టికెట్లు రద్దు చేసుకున్నారు, మరెందరో సగం సెలవులోనే పెట్టె సర్దుకున్నారు.

డిసెంబరులో కథ మళ్లీ మారింది. వీసా స్టాంపింగ్ కోసం నెలల ముందే అపాయింట్‌మెంట్లు తీసుకుని వచ్చినవాళ్లకి, దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాల పరిశీలన పేరుతో తేదీలు 2026 మార్చికీ ఆ తర్వాతకీ జరిగిపోయాయి. పాత తేదీకి వస్తే కాన్సులేట్ లోపలికి రానివ్వమని అమెరికా రాయబార కార్యాలయం ముందే తేల్చిచెప్పింది. భర్త అక్కడ, భార్యాబిడ్డలు ఇక్కడ. అద్దె ఇల్లు, పిల్లల బడి, కారు వాయిదాలు అన్నీ అక్కడే. రెండు మూడు వారాలకని వచ్చి నెలల తరబడి ఇరుక్కుపోయిన కుటుంబాల్లో మనవాళ్లు చాలామంది.

ఈ రెండు సంఘటనల్లో మనం గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటుంది. సెప్టెంబరులో తొందరపడి విమానం దిగినవాళ్లకంటే ఒక్క రోజు ఓపిక పట్టినవాళ్లకి మేలు జరిగింది. డిసెంబరులో మాత్రం ఓపికతో పని జరగలేదు. వేరే దారి ముందే చూసుకున్నవాళ్లే నిలదొక్కుకున్నారు. ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు కదలాలి అన్నది వాట్సాప్‌లో తిరిగే సందేశాలు చెప్పలేవు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్న మాట, కంపెనీ తరఫు లాయరు చెప్పిన మాట ఇవి రెండే ఆధారం.

విశాఖ విమానాశ్రయం చెప్పే పాఠాలు

చోడవరం నుంచి విమానం ఎక్కాలంటే బీఎన్ రోడ్డు మీద సబ్బవరం మీదుగానో, అనకాపల్లి వెళ్లి హైవే ఎక్కో విశాఖ చేరాలి. గోవాడ చక్కెర కర్మాగారం చుట్టూ పెరిగిన చెరకు ఊళ్లవి. స్వయంభూ విఘ్నేశ్వరుడికి కొబ్బరికాయ కొట్టి, సామాన్లలో అనకాపల్లి బెల్లమో మాడుగుల హల్వానో పెట్టుకుని బయల్దేరడం అక్కడి ఆనవాయితీ. 2023 నవంబరులో థాయ్‌లాండ్, డిసెంబరులో మలేసియా మనవాళ్లకి వీసా అక్కర్లేదన్నాయి. 2024 ఏప్రిల్‌లో విశాఖ నుంచే బ్యాంకాక్‌కీ కౌలాలంపూర్‌కీ నేరుగా విమానాలు మళ్లీ మొదలయ్యాయి. దాంతో ఉద్యోగస్తులు, వ్యాపారులే కాదు, చీటీ పాడుకుని పిల్లలకి విమానం చూపిద్దామనుకున్న కుటుంబాలు కూడా విదేశం వైపు చూశాయి.

అదే విమానాశ్రయం మనకి గట్టి పాఠాలూ చెప్పింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. టెర్మినల్ పైకప్పు చీలికలు పేలికలైంది. రోజుల తరబడి విమానాలు లేవు. ఆ వారంలో టికెట్టు ఉన్నవాళ్లకి ప్రయాణం వాయిదా పడటంతో సరిపోలేదు. కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, టికెట్టు రద్దయిందని చెప్పే మెసేజ్ కూడా చేరలేదు.

2020 మార్చిలో కరోనా కారణంగా ఫిలిప్పీన్స్ ప్రభుత్వం లూజాన్ దీవిని మూసేస్తూ విదేశీయులు వెళ్లిపోవడానికి 72 గంటల గడువిచ్చింది. అక్కడ మెడిసిన్ చదివే మన పిల్లలు కౌలాలంపూర్ దాకా వచ్చి ఆగిపోయారు. ఫిలిప్పీన్స్, మలేసియాల నుంచి వచ్చే ప్రయాణికులను భారత్ అప్పుడే నిలిపేసింది. కేంద్రం ప్రత్యేకంగా అనుమతిచ్చి, మార్చి 18న ఎయిర్ ఏషియా విమానాన్ని వాళ్లతో విశాఖకు రప్పించింది. ఆ నెల 22 తర్వాత అంతర్జాతీయ విమానాలే ఆగిపోయాయి. కౌలాలంపూర్ చేరడంలో రెండ్రోజులు ఆలస్యమైనవాళ్లు మే నెలలో వందేభారత్ మిషన్ మొదలయ్యేదాకా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూడాల్సి వచ్చింది.

ఇక 2025 డిసెంబరు మొదటి వారం. పైలట్ల విశ్రాంతి గంటల కొత్త నిబంధనలకి తగ్గట్టు సిబ్బందిని సిద్ధం చేసుకోలేక ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా. అది దేశీయ సర్వీసుల సమస్యే కదా అనిపిస్తుంది. విశాఖవాసులకి మాత్రం అలా కాదు. ఇక్కణ్నుంచి అమెరికాకో లండన్‌కో వెళ్లాలంటే సాధారణంగా హైదరాబాద్, ఢిల్లీ, చెన్నై, బెంగళూరు లాంటిచోట ఎక్కడో మారాల్సి వస్తుంది. మొదటి మెట్టు విరిగితే పైమెట్టు ఎక్కలేం. విశాఖ–హైదరాబాద్ టికెట్టు ఒకచోట, హైదరాబాద్–డల్లాస్ టికెట్టు ఇంకోచోట విడివిడిగా కొనుక్కుంటే, మొదటిది రద్దయినందుకు రెండో విమానంవాళ్లకి ఏ బాధ్యతా ఉండదు. ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే గమ్యం చేర్చే బాధ్యత వాళ్లదే. రెండు మూడు వేలు ఆదా అవుతాయని విడిగా కొన్న టికెట్టు లక్షన్నర టికెట్టుని మింగేయగలదు. ఆ ఆదా మీద ఆశ పెట్టుకోకండి.

ఫొటో ఉన్న పేజీలో దాగిన చిక్కు

తుపానులు, తిరుగుబాట్లు మన చేతిలో లేవు. కానీ చివరి నిమిషంలో ఆగిపోయే ప్రయాణాల్లో చాలావాటికి కారణం మన బీరువాలోనే ఉంటుంది. పాస్‌పోర్టు తీసి ఫొటో ఉన్న పేజీ చూడండి.

పైన 'సర్‌నేమ్' అని ఒక గడి, కింద 'గివెన్ నేమ్' అని ఇంకొకటి. మన పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో చాలాసార్లు పై గడి ఖాళీ. ఇంటిపేరు పొడి అక్షరంతో సరిపెట్టిన అలవాటు మనది. కొందరికి పేరంతా ఒకే ముక్కగా కింద గడిలో ఉంటుంది. ఒకే మాటతో ఉన్న పేరుతో సందర్శక వీసా మీద వచ్చేవాళ్లని అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరు 21 నుంచి చెబుతోంది. దుబాయ్, అబుదాబి మన ఊళ్లకి దగ్గరి విదేశాలు. కూతురి దగ్గరికి బయల్దేరిన తల్లి పేరు ఒకే మాటగా ఉంటే ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. అక్కడ వాదించి లాభం లేదు.

తర్వాత గడువు తేదీ. చాలా దేశాలు మనం అడుగుపెట్టే రోజుకి పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలలు చెల్లుబాటు ఉండాలంటాయి. పెద్దవాళ్ల పాస్‌పోర్టు పదేళ్లదైతే పిల్లలది ఐదేళ్లదే. అందరికీ ఒకేసారి తీసుకున్నాం కదా అనుకుంటాం, చిన్నాడిది మాత్రం ముందే అయిపోతుంది. నేపాల్ వెళ్లేవాళ్లకి వేరే చిక్కు ఉంది. పదిహేనేళ్లలోపు పిల్లలకి, అరవై అయిదు దాటినవాళ్లకి ఆధార్ చాలు. మధ్య వయసువాళ్లకి ఓటరు కార్డో పాస్‌పోర్టో ఉండి తీరాలి. అమ్మమ్మని లోపలికి పంపి అమ్మని ఆపేసే పరిస్థితి రావచ్చు.

టికెట్టు కొనకముందే ఈ పేజీ చూసుకోవాలి. కొన్నాక చూసుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

విమానం రద్దయితే మీ హక్కులు

* విమానయాన సంస్థ తనంతట తానుగా రద్దు చేస్తే వేరే విమానమో పూర్తి డబ్బు వాపసో కోరుకునే హక్కు ప్రయాణికుడిదే. 'క్రెడిట్ షెల్' (తర్వాతి టికెట్టుకి వాడుకునే జమ) ఇస్తామంటే ఒప్పుకోవాల్సిన పనిలేదు.
* ఏజెంటు దగ్గర కొన్నా వాపసు బాధ్యత విమానయాన సంస్థదేనని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. విదేశీ సంస్థలు వాళ్ల దేశపు నియమాలు పాటిస్తాయి.
* సీట్లకి మించి టికెట్లు అమ్మి మిమ్మల్ని ఎక్కనివ్వకపోతే, గంటలోపు బయల్దేరే మరో విమానం చూపించాలి. అలా చూపించలేకపోతే, 24 గంటల్లోపు పంపినప్పుడు గరిష్ఠంగా 10,000 రూపాయలు, అంతకు మించితే 20,000 రూపాయల దాకా పరిహారం.
* యుద్ధం, తుపాను, అల్లర్ల లాంటి అసాధారణ పరిస్థితుల్లో పరిహారం రాదు. టికెట్టు డబ్బు వాపసు మాత్రం అడగొచ్చు.
* ప్రయాణ బీమాని టికెట్టు కొన్నప్పుడే తీసుకోండి. గొడవ మొదలయ్యాక కొన్న పాలసీ ఆ గొడవకి పనికిరాదు. అల్లర్లకి, యుద్ధానికి వర్తిస్తుందో లేదో చదివి సంతకం పెట్టండి.
* విదేశంలో పాస్‌పోర్టు పోతే భారత రాయబార కార్యాలయం ఇంటికి చేరడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. పాస్‌పోర్టు నకలు, ఫొటోలు విడిగా మరో సంచిలో ఉండాలి.

ఇంట్లో తేల్చుకోవాల్సినవి

పది మంది కలిసి వెళ్లే ప్రయాణంలో చివరి మాట ఎవరిది? మన ఇళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అందుకే గొడవ వచ్చినప్పుడు హోటల్ లాబీలో బావగారు ఒకటి, తమ్ముడు ఇంకొకటి, ఊళ్లో ఉన్న పెద్దాయన ఫోన్లో మరొకటి చెబుతారు. ఆ వాదనలోనే ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. బయల్దేరకముందే ఒక్కరిని అనుకోవాలి. తీర్పు వాళ్లది, మిగతావాళ్లు మాట వినాలి. ఆ ఒక్కరు డబ్బు పెట్టినవాళ్లే అవ్వాలని లేదు. గాబరా పడనివాళ్లయితే చాలు.

రెండోది డబ్బు. యాత్ర ఖర్చంతా లెక్కేసి, చివరి రూపాయి దాకా ప్యాకేజీకి కట్టేస్తాం. దారి మారిన రోజు కొత్త టికెట్టు, రెండు రాత్రుల గది, భోజనం కోసం విడిగా కొంత ఉంచుకోకపోతే ప్రయాణం అప్పుల్లోకి దిగుతుంది. ఆ డబ్బు ఉంటేనే వెళ్లాలి, లేదంటే వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోవాలి. పిల్లల ముందు ఈ మాట చెప్పడం కష్టమే. అయినా చెప్పాలి.

మూడోది మందులు. బీపీ, షుగర్ మాత్రలు ఎన్ని రోజుల యాత్రో అన్ని రోజులకే లెక్కగట్టి తీసుకెళ్లడం పెద్దవాళ్ల అలవాటు. యాత్ర రోజులకి మించి రెండు వారాల మందు, డాక్టరు చీటీతో సహా, చేతిసంచిలో ఉండాలి. చెక్-ఇన్ చేసిన సూట్‌కేస్‌లో పెడితే విమానం ఆగిన చోట అది మీకు అందదు.

నాలుగోది తిరిగొచ్చే తేదీకీ ముఖ్యమైన పనికీ మధ్య ఖాళీ. ఆదివారం రాత్రి దిగి సోమవారం పొద్దున్న పరీక్షకో పెళ్లిచూపులకో ఆపరేషన్‌కో వెళ్లేలా టికెట్టు కొనొద్దు. రెండు రోజులు వదిలేస్తే ప్రయాణం మొత్తం ప్రశాంతంగా సాగుతుంది.

ఇవన్నీ చేసినా యాత్ర రద్దు కావచ్చు. అప్పుడు పిల్లల మొహం చూడలేక, పోయిన డబ్బు వెనక్కి రాబట్టాలన్న పంతంతో ప్రమాదంలోకి వెళ్లేవాళ్లున్నారు. విదేశాంగ శాఖ ఇప్పుడు వెళ్లొద్దని చెప్పిన దేశానికి టికెట్టు ఉంది కదా అని వెళ్లకూడదు. పెట్టిన సెలవు మాత్రం వృథా చేసుకోనక్కర్లేదు. లుంబిని చూద్దామనుకుని ఆగిపోయినవాళ్లకి చోడవరం పక్కనే, అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. కొండరాతిని తొలిచిన గుహలు, గుహల్లో బుద్ధుడి విగ్రహాలు. దాని పక్కనే లింగాలకొండ మీద రాతిలోనే వరసగా చెక్కిన చిన్న చిన్న స్తూపాలు. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. ఆ కొండల పక్క రోడ్డున వందసార్లు వెళ్లి కూడా ఆ మెట్లెక్కని కుటుంబాలు మన దగ్గరే ఉన్నాయి. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి కథ చెబితే ఆ సెలవు సెలవులాగే గడుస్తుంది.

ఇది సర్కారు చేయగలిగిన పని

సెప్టెంబరు నేపాల్ సంక్షోభంలో మన రాష్ట్రం ఒక రోజులో కట్టిన జాబితా ప్రాణాలకి భరోసా ఇచ్చింది. అలాంటి జాబితా ప్రతిసారీ గొడవ మొదలయ్యాక ఎందుకు కట్టాలి? గ్రామ, వార్డు స్థాయి ప్రభుత్వ కార్యాలయాలు ఊళ్లకి దగ్గర్లోనే ఉన్నాయి. విదేశాలకి వెళ్లే కుటుంబం ఇష్టపూర్వకంగా పేర్లు, తేదీలు, హోటళ్లు, ఇంటి దగ్గర ఫోన్ నంబరు అక్కడ నమోదు చేయించుకునే వీలుండాలి. ఆ వివరాలు భద్రంగా ఉంచి, యాత్ర ముగియగానే తొలగించాలి. ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది, విదేశాంగ శాఖకి 'మదద్' పోర్టల్ ఉంది. వాటి సంగతి చోడవరం రైతుకి, మాడుగుల టీచరుకి, అనకాపల్లి వ్యాపారికి తెలిసేలా చెప్పేవాళ్లు కావాలి. యాత్రలు నడిపే ట్రావెల్స్‌వాళ్లు ప్రయాణికుల జాబితా, ప్రతి రాత్రి బస వివరాలు బయల్దేరే ముందురోజే ఇళ్లలో ఇచ్చి వెళ్లాలన్న నియమం పెట్టాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఆ నియమం వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు. ఏ విమానం, ఏ హోటల్, ఏ నంబరు, ఎవరికి ఏ మందు, చివరి మాట ఎవరిది అన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక కాపీ దగ్గర పెట్టుకుని ఇంకో కాపీ ఊళ్లో ఉండేవాళ్ల చేతిలో పెట్టండి. దారి మారిన రోజున తట్టుకునే బలం టికెట్టు కొన్న రోజునే సమకూర్చుకోవాలి.